క్లౌన్‌ఫిష్ జత కుదరాలంటే ఒకటి పెద్దదై ఉండాలి

మెరైన్ ట్యాంక్, అంటే ఉప్పునీటి చేపల తొట్టె, కొత్తగా పెట్టినవాళ్లు షాపుకెళ్లి అడిగే మాట దాదాపు ఒకటే: "నీమోలు ఒక జత ఇవ్వండి, ఒక ఆడది, ఒక మగది." షాపతను చిన్న వల ముంచి, చూడముచ్చటగా ఒకే సైజులో ఉన్న రెంటిని పట్టి, కవర్లో వేసి, ఆక్సిజన్ కొట్టి, రబ్బరు బ్యాండు బిగించి చేతికిస్తాడు. నిజానికి ఆ కవర్లో ఆడదీ ఉండదు, మగదీ ఉండదు. అంగుళం, అంగుళంన్నర ఉన్న క్లౌన్‌ఫిష్ పిల్లలు ఇంకా ఎటూ తేలని వయసులో ఉంటాయి. ఏది ఆడదవుతుందో, ఏది మగదిగా ఉండిపోతుందో ఇంటికొచ్చాక ట్యాంకులో తేలాలి. ఆ తేల్చుకోవడాన్నే జత కట్టడం అంటున్నాం. మరీ చిన్న పిల్లలైతే ఒకే సైజువైనా ఫర్వాలేదు, నాలుగు తోపులాటలతో సర్దుకుంటాయి. రెండున్నర, మూడు అంగుళాల చేపల్ని కూడా అలాగే సైజు సరిచూసి కొంటేనే తంటా. మనకు ముచ్చటగా కనిపించే సమానత్వమే వాటి మధ్య గొడవకు మూలం.

క్లౌన్‌ఫిష్‌లో పెద్దయ్యే ప్రతి చేపా ముందు మగదే. గుంపులో పై స్థానం ఖాళీ అయినప్పుడు మగది ఆడదిగా మారుతుంది. జర్మన్ శాస్త్రవేత్తలు హాన్స్ ఫ్రికే, సిమోన్ ఫ్రికే 1977లోనే దీన్ని 'నేచర్' పత్రికలో వివరించారు. సముద్రంలో ఒక్కో ఎనిమోన్ (రాళ్లకు అతుక్కుని ఉండే, కుట్టే మీసాలున్న మెత్తటి సముద్రజీవి) మీద ఒక్కో గుంపు ఉంటుంది. అన్నిటికంటే పెద్దది ఆడది, పెత్తనమంతా దానిదే. దాని తర్వాతి సైజుది మగది. మిగిలినవి సైజు ప్రకారం వరసలో ఉంటాయి, వాటికి సంతానం ఉండదు. ఆడది పోతే మగది ఆడదవుతుంది, మూడోది మగదవుతుంది, వెనకున్నవన్నీ ఒక్కో అడుగు ముందుకు జరుగుతాయి. రేషన్ షాపు క్యూలో అయినా మధ్యలో దూరేవాళ్లు ఉంటారేమో గానీ, ఈ వరసలో అది కుదరదు.

ఆ వరస చెదరకుండా ఎలా నిలుస్తుందన్నది ఇంకా ఆసక్తికరం. పాపువా న్యూ గినీ తీరంలో పెర్క్యులా అనే క్లౌన్‌ఫిష్ జాతి మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త పీటర్ బస్టన్ 2003లో తేల్చిందేమిటంటే, కింది స్థాయి చేపలు తమ ఎదుగుదలను తామే అదుపులో పెట్టుకుంటాయి. పైదాని సైజులో సుమారు ఐదింట నాలుగు వంతుల దగ్గర ఆగిపోతాయి. అంతకు మించి పెరిగితే పైదానికి పోటీ అవుతాయి. పోటీ అయినదాన్ని పైది తరిమేస్తుంది. ఎనిమోన్ అండ లేకుండా బయటపడ్డ క్లౌన్‌ఫిష్‌ను వేరే చేప మింగెయ్యడానికి ఎంతోసేపు పట్టదు. తిండి దొరక్క కాదు, ప్రాణభయంతోనే అది ఒళ్లు పెంచుకోదన్నమాట.

ట్యాంకులో వచ్చే చిక్కంతా ఇక్కడే ఉంది. సముద్రంలో తరిమిన చేప కనీసం దూరంగా పోతుంది. నాలుగు గాజు పలకల మధ్య పోవడానికి చోటెక్కడ? తరిమేది తరుముతూనే ఉంటుంది, ఓడిపోయింది తిరిగి తిరిగి దాని కంట్లోనే పడుతుంది. సముద్రంలో వెలివేతతో ముగిసే గొడవ ట్యాంకులో చావుతో ముగుస్తుంది. అందుకని పెంచేవాళ్లు చెయ్యాల్సింది గొడవే రాకుండా ఆపడం కాదు, అది అయ్యే పని కాదు. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది ఎదురుపడక ముందే కంటికి కనిపించేలా చూస్తే గొడవ తొందరగా తెగుతుంది.

మరో నియమం కూడా గుర్తుంచుకోవాలి. మార్పు ఒకవైపే. ఒకసారి ఆడదైన చేప మళ్లీ మగది కాదు. ఇద్దరు మిత్రుల ట్యాంకుల్లో చెరొక పెద్ద క్లౌన్ ఒంటరిగా ఉందని, రెంటినీ ఒకచోట చేరిస్తే తోడుగా ఉంటాయని ఆలోచిస్తే, ఆ రెండూ అప్పటికే ఆడవి అయ్యుండే అవకాశం చాలా ఎక్కువ. ఏళ్ల తరబడి ఒంటరిగా ఉన్న చేపకు తనను మించిన పెత్తందారు ఎవరూ లేరు కాబట్టి ఆడదిగా మారిపోయి ఉంటుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం. మధ్యలో ఎన్ని అడ్డుగోడలు పెట్టినా, ఎన్ని రోజులు అలవాటు చేసినా ఆ రెంటికీ పొసగదు.

ఇక కొనేటప్పటి సంగతి. మొదటిసారి పెట్టేవాళ్లకు క్లౌన్‌ఫిష్‌లలో ఒసెల్లారిస్ జాతిని మించింది లేదు. షాపుల్లో నీమో పేరుతో ఎక్కువగా అమ్మేదీ అదే. పెర్క్యులా చూడ్డానికి దాదాపు అలాగే ఉంటుంది, తెల్ల పట్టీల చుట్టూ నల్ల అంచు కాస్త మందంగా కనిపిస్తుంది. టొమాటో క్లౌన్, క్లార్కీ కొంచెం దుడుకువి. మెరూన్ క్లౌన్ జోలికి మాత్రం కొత్తవాళ్లు పోకపోవడమే మంచిది. దాని చెంప మీద ముల్లు ఉంటుంది, ఆడది ఆరంగుళాల దాకా పెరుగుతుంది, మగదాన్ని చంపేసిన సందర్భాలు పెంపకందార్లలో మామూలు ముచ్చటే. రెండు వేర్వేరు జాతుల్ని కలిపి జత చేద్దామన్న సరదా కూడా వద్దు.

ఒసెల్లారిస్‌లో అయితే ఒక చేప రెండంగుళాలకు పైన, రెండోది అందులో సగం, లేదా కొంచెం ఎక్కువ ఉంటే చాలు. షాపు ట్యాంకులో పదీ ఇరవై పిల్లలు కలిసి తిరుగుతుంటే, గాజు ముందు ఓ పది నిమిషాలు నిలబడితే కొంత వరస అప్పటికే అర్థమవుతుంది. మేత వేసినప్పుడు అందర్నీ నెట్టుకుంటూ ముందుకొచ్చేది ఒకటుంటుంది. మూలగా నిలబడి, ఎవరు దగ్గరికొచ్చినా తప్పుకునేది ఒకటుంటుంది. ఆ రెంటినీ కలిపి తేవడం తెలివైన ఎంపిక. అయితే తప్పుకునే చేప చిన్నదిగా, చురుగ్గా, మేత తింటూ ఉండాలి. నీరసంతో తప్పుకునే చేప వేరు. దాని ఊపిరి వేగంగా ఉంటుంది, రెక్కలు మూసుకుని ఉంటాయి, మేత ముందు పడ్డా పట్టించుకోదు.

వీలైనంతవరకు హేచరీలో పుట్టినవే కొనాలి. క్లౌన్‌ఫిష్ పెంపకం మన దేశానికేమీ కొత్త విద్య కాదు. కొచ్చి కేంద్రంగా పనిచేసే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వీటిని హేచరీలో పుట్టించి పెంచే పద్ధతిని ఎప్పుడో రూపొందించింది. హేచరీ చేప పొడి మేతకు, గాజు గోడలకు చిన్నప్పటి నుంచే అలవాటుపడి ఉంటుంది, రోగాలు మోసుకొచ్చే ప్రమాదం తక్కువ. దానికి ఎనిమోన్ కూడా అక్కర్లేదు. చాలా ట్యాంకుల్లో ఇవి వేవ్‌మేకర్ (నీటిని కదిలించే మోటారు) పక్కనో, బోర్లించిన మట్టికుండీలోనో కాపురం పెట్టేస్తాయి. ఎనిమోన్‌కు గట్టి లైటు, నెలల తరబడి నిలకడగా ఉన్న నీరు కావాలి. మొదటి నెలలోనే తెస్తే అది చచ్చి, ఆ కుళ్లుతో చేపల్నీ చంపుతుంది. ఇంకో మాట. ట్యాంకు అందంగా ఉండాలని బతికున్న పగడాల కోసం వెతికేవాళ్లు, దిబ్బలు కట్టే పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్నాయని తెలుసుకోవాలి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది.

నీటి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. వంద లీటర్లకు తగ్గని ట్యాంకు, ఆర్‌వో నీళ్లలో మెరైన్ సాల్ట్ కలిపి 1.025 దగ్గర నిలిపిన స్పెసిఫిక్ గ్రావిటీ (నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత), 25 నుంచి 27 డిగ్రీల వేడి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా. సైక్లింగ్, అంటే అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా ట్యాంకులో స్థిరపడటం, పూర్తవడానికి నెల, నెలన్నర పడుతుంది. అది పూర్తికాకుండా చేప వెయ్యకూడదు. హైదరాబాద్, విజయవాడ ఎండల్లో చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) లేకపోతే ట్యాంకు నీరు సులువుగా 30 దాటుతుంది. కనీసం ఫ్యాన్ అయినా పెట్టాలి. ఫ్యాన్ గాలికి నీరు ఆవిరైతే తగ్గిన మేరకు మామూలు ఆర్‌వో నీళ్లే పొయ్యాలి, ఉప్పునీళ్లు కాదు. ఆవిరయ్యేది నీళ్లే గానీ ఉప్పు కాదు కదా.

ఇంటికి తెచ్చిన చేపను నీటికి అలవాటు చెయ్యడం కోస్తా జిల్లాల రొయ్య రైతులకు వేరే చెప్పాల్సిన పని లేదు. సీడ్ (రొయ్య పిల్లల) సంచుల్ని చెరువులో తేల్చి, వేడి సమం కానిచ్చి, చెరువు నీళ్లు కొద్దికొద్దిగా సంచిలోకి కలిపి వదలడం వాళ్లకు రోజువారీ పని. ఇక్కడా అదే సూత్రం, ఒక్క మెలికతో. కవరు ఎన్ని గంటలు మూసి ఉందన్నదాన్ని బట్టి పద్ధతి మారాలి. మూసిన కవర్లో చేప వదిలే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని నీటి పీహెచ్ పడిపోతుంది. పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపు అదే నీటిలో పేరుకున్న అమ్మోనియా పెద్దగా హాని చెయ్యని రూపంలో ఉంటుంది. కవరు విప్పగానే ఆ గ్యాస్ బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది. అంతవరకు పడుకున్న అమ్మోనియా విషంగా మారుతుంది. అందుకే ఊళ్లోని షాపు నుంచి అరగంటలో తెచ్చిన చేపకు డ్రిప్ పెట్టి, అంటే సన్నటి గొట్టంతో ట్యాంకు నీళ్లు చుక్కచుక్కగా కలుపుతూ, ముప్పావు గంట అలవాటు చెయ్యడం మంచిదే. రాత్రంతా పార్సిల్లో ప్రయాణం చేసి వచ్చిన చేపకు అదే పని చేస్తే దాన్ని విషంలో నానబెట్టినట్టే. అలాంటప్పుడు పంపినవాళ్లను ముందే సెలినిటీ (నీటి ఉప్పదనం) అడిగి, క్వారంటైన్ ట్యాంకును (కొత్త చేపను కొన్నాళ్లు విడిగా ఉంచే తొట్టెను) అదే సెలినిటీకి సిద్ధం చేసి ఉంచుకుని, వేడి సమం అవగానే చేపను అందులోకి మార్చెయ్యాలి. ఆ తర్వాత రోజుల తరబడి నింపాదిగా సెలినిటీ పెంచుకోవచ్చు. ఏ పద్ధతిలోనైనా కవరు నీళ్లు మాత్రం ట్యాంకులో పొయ్యకూడదు.

క్వారంటైన్ అనగానే చాలామంది మొహం చిట్లిస్తారు. ఇంకో ట్యాంకు, ఇంకో ఫిల్టరు, ఇంకో హీటరు. కానీ క్లౌన్‌ఫిష్‌కు బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవితో ప్రత్యేకమైన శత్రుత్వం ఉంది, ఆ రోగానికి క్లౌన్‌ఫిష్ డిసీజ్ అనే పేరే పడింది. ఒంటి మీద తెల్లటి జిగురు పొరలు పొరలుగా ఊడుతుంది, చేప ఊపిరాడక పైకొచ్చి రొప్పుతుంది, రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. మామూలుగా అందరూ వాడే రాగి మందు దానిమీద పనిచెయ్యదు, ఫార్మాలిన్ కావాలి. నెల రోజులు వేరుగా ఉంచి, ఆరోగ్యంగా ఉందని తేలాకే జత సంగతి ఆలోచించడం మేలు. జత చేసే తొందరలో రోగాన్ని కూడా జత చేసేవాళ్లే ఎక్కువ.

ఇప్పుడు అసలు ఘట్టం. రెండూ కొత్తవే అయితే రెంటినీ ఒకేరోజు ప్రధాన ట్యాంకులో వదలడం అన్నిటికంటే సులువు. ఆ ట్యాంకు ఎవరి సొంతమూ కాదు కాబట్టి కాపాడుకోవడానికి ఏమీ ఉండదు. లైటు తగ్గించి, సాయంత్రం పూట వదిలితే ఇంకా నయం.

ఒక చేప ఆర్నెల్లుగా ట్యాంకులో ఉండి, రెండోది తర్వాత వస్తేనే కథ మారుతుంది. పాతదానికి ఆ ట్యాంకులో ప్రతి మూలా తనదే. వచ్చేది కచ్చితంగా చిన్నది కావాలి, అదీ చాలా చిన్నది. చిల్లులున్న ప్లాస్టిక్ పెట్టెను ట్యాంకు గోడకు తగిలించి కొత్తదాన్ని వారం పాటు అందులో ఉంచాలి. నీరు ఒకటే, వాసన ఒకటే, కనిపిస్తుంది, కరవడానికి అందదు. మొదటి రోజు పాతది పెట్టె మీదికి దూకుతుంది, గోడను పొడుస్తుంది. అది చూసి టెన్షన్ పడాల్సిన పని లేదు. మూడో రోజుకో నాలుగో రోజుకో పొడవడం మానేసి పెట్టె పక్కనే తిరగడం మొదలుపెడితే పని సగం అయినట్టే. రెండింటికీ ఒకే సమయంలో, పెట్టెకు ఇటూ అటూ మేత వేస్తే ఆ దగ్గరితనం ఇంకా పెరుగుతుంది. వదిలే రోజు రాళ్ల అమరిక కాస్త మార్చాలి. ఎల్లలు చెరిగిపోతే పాతది కూడా కొత్తచోటుకు వచ్చినట్టు తడబడుతుంది.

పాతది మరీ మొండిదైతే తలకిందుల పద్ధతి ఒకటి పనిచేస్తుంది. పెట్టెలో పెట్టాల్సింది కొత్తదాన్ని కాదు, పాతదాన్ని. అది లోపలి నుంచి చూస్తుండగా చిన్నది నాలుగైదు రోజులు ట్యాంకంతా తిరిగి దాక్కునే చోట్లు నేర్చుకుంటుంది. పెద్దది బయటికొచ్చేసరికి చిన్నదానికి దారులు తెలిసి ఉంటాయి. మన వాడుకలో ఈ పద్ధతికి పేరేమీ లేదు గానీ, పెట్టెలో చిన్నదాన్ని పెట్టే అలవాటు కంటే ఇదే మెరుగ్గా తోస్తుంది. ఎందుకంటే వదిలిన మొదటి గంటలో పారిపోవాల్సింది చిన్నదే కదా.

వచ్చింది పరాయిదని పాతది ఎలా గుర్తుపడుతుంది? జపాన్‌లోని ఒకినావాలో చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 2024లో వచ్చాయి. ఒసెల్లారిస్ పిల్లల ముందు వేర్వేరు సంఖ్యలో తెల్ల గీతలు గీసిన నారింజ రంగు బొమ్మల్ని పెట్టారు. మూడు గీతలున్న బొమ్మ మీదే అవి ఎక్కువగా దాడి చేశాయి, గీతల్లేనిదాన్ని దాదాపు వదిలేశాయి. మూడు గీతలంటే తమ జాతే. అంటే ట్యాంకులో గోబీ, బ్లెన్నీ లాంటి వేరే జాతి చేపల్ని పట్టించుకోని చేప తన పోలికే ఉన్నదాని మీద మాత్రం విరుచుకుపడటం దాని దృష్టిలో న్యాయమే. తన స్థానానికి ఎసరు పెట్టగలిగేది తన జాతే.

కలిపి వదిలాక మొదటి రోజు జరిగేదాన్ని కాస్త దగ్గరగా చూడాలి. పెద్దది చిన్నదాని మీదికి దూసుకొస్తుంది. చిన్నది రెండడుగులు పారిపోయి ఆగుతుంది. ఆగి, ఒళ్లు ఒక పక్కకు వాల్చి, తల నుంచి తోక దాకా జలదరింపు వచ్చినట్టు వణుకుతుంది. రెండు సెకన్లు, మూడు సెకన్లు. ఫిట్స్ వచ్చాయేమోనని కొత్తవాళ్లు కంగారుపడేది దాన్ని చూసే. ఆ వణుకే జత కుదరడానికి మొదటి గుర్తు. "పెద్దదానివి నువ్వే, ఒప్పుకున్నాను" అనడం అది. పెద్దది ఆ వణుకు చూసి ఆగితే గొడవ తెగినట్టే. ఆగకుండా మీద పడుతూనే ఉంటే ఇంకా నడుస్తున్నట్టు. చెవి పెట్టి వింటే టిక్కు టిక్కుమనే చప్పుడు కూడా గాజు మీదుగా వినబడవచ్చు. బెల్జియంకు చెందిన ఎరిక్ పార్మెంటియర్ బృందం 2007లో క్లార్కీ జాతి మీద ఈ చప్పుడు గుట్టు విప్పింది. నోటిని అతివేగంగా మూసి పళ్లకు పళ్లు కొట్టడంతో ఆ శబ్దం పుడుతుంది.

ఎప్పుడు కలగజేసుకోవాలన్నదే అందరికీ వచ్చే సందేహం. తరమడం మామూలు, రెక్క అంచు కొద్దిగా చిరగడమూ మామూలే. చిన్నది నీటి పై అంచున ఒక మూలకు అతుక్కుపోయి మేతకు కూడా కదలకపోతే, రెక్కలు మొదలంటా కొరికేసి ఉంటే, ఒంటి మీద పొలుసులు లేచిపోతే ఇంకో రోజు చూద్దామని ఆగకూడదు. మళ్లీ పెట్టెలో పెట్టి, ఇంకో పది రోజులు ఆగి చూడాలి. రెండుసార్లు అలాగే అయితే ఆ జత కుదరదు. చిన్నదాన్ని మార్చి ఇంకా చిన్నదాన్ని తెచ్చుకోవాలి. రెండూ ఎదురెదురుగా నిలబడి నోళ్లు కలిపి పెనుగులాడటం అన్నిటికంటే చెడ్డ గుర్తు. అక్కడ లొంగేవాళ్లు లేరు, ఇద్దరూ పెద్దరికం కోరుకుంటున్నారు. రాత్రిపూట చేప ఒక మూల పక్కకు ఒరిగి తేలుతున్నట్టు ఉంటే మాత్రం భయపడక్కర్లేదు. క్లౌన్‌ఫిష్ నిద్ర అలాగే ఉంటుంది. రెండూ ఒకే మూల పక్కపక్కన ఒరిగి నిద్రపోతుంటే జత కుదిరిందని నమ్మకంగా చెప్పొచ్చు.

కుదిరిన నెలకే గుడ్లు కావాలంటే కుదరదు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఒసెల్లారిస్ మీద చేసి 2019లో ప్రచురించిన పరిశోధనలో, మగ చేపల్ని రెండేసి చొప్పున కలిపి పెడితే పెత్తనం చేసేదాని మెదడు ముందు ఆడదిలా మారింది, లోపలి అవయవాలు చాలా వెనకబడ్డాయి. నెలలు గడిచినా గుడ్లు పెట్టే దశకు రానివి ఉన్నాయి. పిల్లలుగా తెచ్చినవైతే ఏడాది పైనే ఓపిక పట్టాలి. తొందరేమీ లేదు కూడా. సముద్రంలోని పెర్క్యులా ఆడ చేపలు 30 ఏళ్ల దాకా బతకగలవని బస్టన్ బృందం 2007లో అంచనా కట్టింది.

గుడ్ల కాలం దగ్గరపడితే మగది పనిలోకి దిగుతుంది. తమ మూలకు పక్కనున్న రాయినో, కుండీ అంచునో నోటితో గీకి గీకి నున్నగా చేస్తుంది. ఆడది దాని మీదుగా పొట్ట రాసుకుంటూ నారింజ రంగు గుడ్లను వరసలుగా అతికిస్తుంది. వాటికి రెక్కలతో విసరడం, చెడిపోయినవాటిని ఏరెయ్యడం దాదాపుగా మగదాని డ్యూటీ. మొదటి ఒకటి రెండు కాన్పుల్లో అది గుడ్లనే తినెయ్యడం మామూలు, మూడోసారికి నేర్చుకుంటుంది. వారం పది రోజులకు, లైట్లు ఆరాక చీకట్లో పిల్లలు బయటికొస్తాయి. వాటికి మొదటి మేత రోటిఫర్లు అనే కంటికి ఆనని సూక్ష్మజీవులు, ఆ తర్వాత ఆర్టీమియా అనే బుల్లి ఉప్పునీటి రొయ్యలాంటి జీవుల పిల్లలు. రొయ్యల హేచరీల్లో పనిచేసినవాళ్లకు ఆర్టీమియా డబ్బా కొత్తేమీ కాదు.

గుడ్లున్న ఆ వారం రోజులూ ఆడది కాపలా కాస్తుంది. అంతవరకు మేత కోసం చేతి దగ్గరికొచ్చిన చేపే గాజు తుడవడానికి లోపలికి పెట్టిన చేతి మీదికి దూకి వేలు కొరుకుతుంది. పళ్లు చిన్నవే, తోలు తెగేంత కాటు కాదు. చెయ్యి మాత్రం దానంతటదే వెనక్కి వచ్చేస్తుంది. ఆ వారం గాజు మీద నాచు అలా ఉండిపోయినా నష్టం లేదు.